వీరపతకములు – వాని ఆనవాళ్లు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ప్రసంగపాఠము)



విరాటపర్వములోని ఉత్తరగోగ్రహణ ఘట్టము తెలియని తెలుగువాడు అరుదు. కౌరవసేన ఎదుట నిలిచినప్పుడు ఉత్తరకుమారునకు అది ఒక మహాసముద్రమువలె తోచినది. అందు ద్రోణుడెవడో, కర్ణుడెవడో, భీష్ముడెవడో అతడెఱుగడు. అర్జునుడు రథములపై నెగురు టెక్కెముల గుర్తులను ఒక్కొక్కటిగా చూపి, ఈ గుర్తు గలవాడు ఫలానావాడని వివరించెను. అంతటితో ఆ సేనాసముద్రము పేరుపేరున తెలిసిన వీరుల సమూహమయ్యెను. గుర్తెఱిగినవానికి గుడ్డపేలిక కూడ చరిత్ర చెప్పును. ఎఱుగనివానికి చరిత్ర కూడ గుడ్డపేలికయే.

నేటి ప్రసంగవిషయము అట్టి గుడ్డపేలికలను గూర్చియు, వానికి వ్రేలాడు లోహపు బిళ్లలను గూర్చియునైనది. పటాలమునకు పోయివచ్చినవారి ఇండ్లలో, ట్రంకుపెట్టె అడుగుననో, దేవుని గూటిలోనో, పసుపుకుంకుమల బరిణెలోనో ఇట్టి బిళ్లలు నేటికిని కానవచ్చుచుండును. తాడేపల్లిగూడెమునకు సమీపముననున్న మాధవరమును జనులు మిలటరీ మాధవరమని పిలుచుట పలువురెఱిగినదే. అంతటి పేరు లేకున్నను, ఒకరిద్దఱినైనను పటాలమునకు పంపిన పల్లెలు తెలుగునాట అనేకము గలవు. మొదటి ప్రపంచయుద్ధములో సుమారు 74 వేలమంది భారతసైనికులు మరణించిరి. రెండవ యుద్ధములో సైన్యమున చేరినవారు సుమారు 25 లక్షలు, మరణించినవారు సుమారు 87 వేలు. వీరిలో ఎక్కువమందికి శిలావిగ్రహములు లేవు, జీవితచరిత్రలు లేవు. వారి పేరును ధరించి మిగిలినది అనేక సందర్భములలో ఈ బిళ్ల ఒక్కటియే. కనుక దానిని చదువ నేర్చుట వేడుకకొఱకు మాత్రమే కాదు.

మొదట ముఖ్యమైన మాటలు తెలిసికొనవలెను. సైనికపతకములు స్థూలముగా మూడు విధములు. రణమున ప్రత్యేక సాహసము చూపినవానికిచ్చునది శౌర్యపతకము. ఫలానా యుద్ధములో, ఫలానా కాలమునందు పనిచేసిన వారందఱికినిచ్చునది యుద్ధసేవాపతకము. దీర్ఘకాలసేవకును, పట్టాభిషేకము, స్వాతంత్ర్యోత్సవము మొదలగు సందర్భములకును ఇచ్చునవి మూడవ తెగకు చెందును. మన ఇండ్లలో దొరకునవి ఎక్కువగా రెండవ తెగవి.

పతకము ఒక పట్టు రిబ్బనునకు వ్రేలాడుచుండును. బ్రిటిషు పద్ధతిలో దాని వెడల్పు సాధారణముగా అంగుళమున్నర పాతిక తక్కువ, అనగా 32 మిల్లీమీటర్లు. ఉత్సవవేషములో మాత్రమే పూర్తి పతకములు ధరింతురు. నిత్యవేషములో ఆ రిబ్బనుల చిన్నతునకలను వరుసగా ఒక బద్దపై కుట్టి ఎడమఱొమ్మున పెట్టుకొందురు. దానినే రిబ్బను బారు అందురు. ఈ వరుసకు నియమము కలదు. అత్యున్నతమైన గౌరవము ఱొమ్ము నడుమకు దగ్గఱగా నుండును. అనగా ఎదుట నిలిచి చూచువానికి ఎడమనుండి కుడికి, పై వరుసనుండి క్రింది వరుసకు చదువుకొనిపోవలెను. తెలుగు పుటను చదువు పద్ధతియే ఇందును చెల్లును.

పతకము చేతికి వచ్చినప్పుడు చూడవలసినవి ఐదు: లోహము, ఆకారము, ముందువైపు బొమ్మ, వెనుకవైపు బొమ్మ, అంచు. ఈ ఐదింటిలోను అంచు ప్రధానము. శ్రీరాముడు హనుమంతుని చేతికిచ్చిన ఉంగరము బంగారమగుటచేత సీతమ్మ నమ్మలేదు. అది రామనామాంకితమగుటచేత నమ్మినది. అట్లే పతకము విలువ దాని వెండిలో లేదు, దాని అంచున చెక్కిన పేరులో ఉన్నది.

ఈ దేశమున కుంఫిణీవారిచ్చిన పతకములలో శ్రీరంగపట్టణ పతకము ప్రసిద్ధమైనది. 1799లో టిప్పు సుల్తాను పతనమైన పిదప, ఇంగ్లండులోని సోహో టంకశాలలో దానిని ముద్రించి, 1808లో పంచిరి. అందు సింహము పులిని అణచుచున్నట్లు చిత్రింపబడినది. పులి టిప్పు చిహ్నమని వేఱుగ చెప్పనక్కఱలేదు. బొమ్మ అన్నిటిపైనను ఒక్కటియే. లోహము మాత్రము హోదాననుసరించి మాఱినది. పై అధికారులకు బంగారము, తరువాతివారికి బంగారుపూత పూసిన వెండి, ఆ పిమ్మట వెండి, కంచు, కట్టకడపటి సిపాయికి తగరము. కోటగోడ నెక్కినప్పుడు గుండు హోదా చూచి తగులలేదు. పంపకములో మాత్రము హోదా చూడబడినది. పతకములను పరిశీలించువానికి లోహమును మొదట చూడుమని చెప్పుటకు కారణమిదియే.

పిమ్మట 1854లో ఇండియా జనరల్ సర్వీస్ పతకమేర్పడినది. ప్రతి చిన్న దండయాత్రకును వేఱొక బిళ్ల చేయించుటకు మాఱుగా, బిళ్ల ఒక్కటే యుంచి, రిబ్బనుపై సన్నని లోహపు బద్దను తగిలించుట దీనిలోని ఏర్పాటు. ఆ బద్దను క్లాస్పు అందురు. దానిపై యుద్ధము జరిగిన చోటును, కొన్నిట సంవత్సరమును ఉండును. మొదటి క్లాస్పు బర్మాలోని పెగూ పేర వెలువడినది. ఆ బర్మా యుద్ధములలో మద్రాసు సైన్యము పాల్గొన్నది గనుక మన ప్రాంతములకు దీనితో సంబంధము గలదు. 1854 నాటి రిబ్బను ఎఱుపుపై రెండు ముదురు నీలపు చారలు గలది. 1895 నాటి దానికి ఎఱుపుపై రెండు ఆకుపచ్చ చారలు. 1908 నాటి దానికి నడుమ నీలము, ఇరుప్రక్కల ఆకుపచ్చ. మూడింటిని ప్రక్కప్రక్కన పెట్టి ఒకసారి చూచిన కన్ను మఱి తడబడదు.

ఇక 1914లో ఆరంభమైన మహాయుద్ధమునకు సంబంధించినవి మూడు పతకములు. మొదటిది కంచు నక్షత్రము. దీనిలో రెండు భేదములున్నవి. 1914 ఆగస్టు 5 మొదలు నవంబరు 22 వఱకు ఫ్రాన్సు, బెల్జియములలో పనిచేసినవారికిచ్చినది 1914 స్టార్. ఆ కాలపరిమితికి వెలుపల గాని, మెసొపొటేమియా, తూర్పు ఆఫ్రికా మొదలగు ఇతర రంగములలో గాని 1915 ముగియులోగా పనిచేసినవారికిచ్చినది 1914-15 స్టార్. రెండింటికిని రిబ్బను ఒక్కటియే. ఎఱుపు, తెలుపు, నీలము ఒకదానిలోనొకటి కరగినట్లుండును. కాబట్టి రిబ్బను చూచి నిర్ణయింపరాదు. నక్షత్రము మధ్యనున్న అంకెలను చదువవలెను. పేరు వెనుకవైపున ఉండును. భారతసైన్యములు 1914 సెప్టెంబరు చివరలో మార్సేల్సు రేవున దిగి, బెల్జియము సరిహద్దులలో చలికిని బురదకును ఎదురొడ్డి నిలిచినవి. 1914 స్టార్ గల భారతీయుడు అట్టి తొలిదండులోనివాడు.

రెండవది బ్రిటిష్ వార్ మెడల్. ముందు అయిదవ జార్జి శిరస్సు, వెనుక గుఱ్ఱముపై నగ్నవీరుడు. రిబ్బను నడుమ వెడల్పైన నారింజవన్నె, ఇరువైపుల తెలుపు, నలుపు, నీలము సన్నని చారలు. సుమారు 65 లక్షలు ముద్రింపబడిన ఈ పతకము వెండిది. అయితే సుమారు 1 లక్షా 10 వేలు మాత్రము కంచుతో చేయబడినవి. అవి చైనా, మాల్టా, భారతదేశములకు చెందిన కూలిదళములవారికి ఇవ్వబడినవి. బొమ్మ అదే, రిబ్బను అదే, లోహము వేఱు. కందకములు త్రవ్వినవాడు, మూటలు మోసినవాడు కంచునకే తగినవాడని ఆనాటి ప్రభుత్వము తలచినది. నేడు సేకరించువారి దృష్టిలో ఆ కంచుబిళ్ల వెండిదానికన్న అరుదైనది.

మూడవది విక్టరీ మెడల్. ఇది అందఱికిని కంచుదే. ముందు రెక్కలు గల విజయదేవత, రిబ్బను ఇంద్రధనుస్సును రెండుగా మడిచినట్లు నడుమ ఎఱుపుతో నుండును. హైదరాబాదు, మైసూరు, జోధపురము సంస్థానముల అశ్వికదళములు ఈజిప్టు, పాలస్తీనాలలో పనిచేసినవి. ఢిల్లీలో 1922లో నిలిపిన తీన్‌మూర్తి విగ్రహములు ఆ మూడు దళముల స్మారకమే.

ఇచట ఒక సూక్ష్మము గ్రహింపదగినది. 1914-15 స్టార్ ఒంటరిగా ఎవనికిని ఇవ్వబడలేదు. అది పొందినవాడు తక్కిన రెండును పొందియే యుండును. విక్టరీ మెడల్ సైతము ఒంటరిగా ఇచ్చినది కాదు. కావున ఒక ఇంట నక్షత్రమును, విజయదేవతయు కంచువి రెండే మిగిలియున్నచో, మూడవది ఎక్కడనని అడుగవలెను. మూడవది వెండిది. అది కంసాలి కుంపటిలో పడి కాలికడియమో మొలత్రాడో అయియుండుట సంభవమే. దానిని కరిగించిన ఇల్లాలిని నిందింప పనిలేదు. కఱవు వచ్చినప్పుడు బిడ్డకు గంజి కావలెను గాని రాజుగారి తలబొమ్మ అక్కఱలేదు. అయితే వెండితో పాటు అంచుననున్న పేరు కూడ కరగిపోయినదని తెలిసికొనుట మన విధి.

యుద్ధమున మరణించినవారి కుటుంబములకు ఈ పతకములు గాక వేఱొకటి కూడ వచ్చినది. అది పెద్ద కంచుపళ్లెము వంటి ఫలకము, అడ్డుకొలత 120 మిల్లీమీటర్లు. దానిపై బ్రిటానియా దేవత, సింహము, రెండు డాల్ఫిను చేపలు చెక్కబడియుండును. దీర్ఘచతురస్రమైన గడిలో మృతుని పేరు ఉబ్బెత్తు అక్షరములతో నుండును. ఆ పేరునకు ముందు హోదా లేదు. సిపాయి యైనను సేనాని యైనను పేరు మాత్రమే. ప్రాణత్యాగమున ఎచ్చుతగ్గులు లేవను భావముతో అట్లు చేసిరి. చుట్టును వ్రాసిన ఇంగ్లీషు వాక్యమునకు, ఇతడు స్వాతంత్ర్యముకొఱకును గౌరవముకొఱకును మరణించెనని అర్థము. పరపాలనలోనున్న పల్లెలో, కొడుకును పోగొట్టుకొన్న తల్లి చేతికి స్వాతంత్ర్యమను మాట గల ఫలకము అందినది. ఆ మాటను ఆమెకు చదివి చెప్పగలవాడు ఆ ఊర నుండెనో లేదో! ఇట్టి ఫలకమేదైన కుండమీద మూతగానో, తలుపునకు అడ్డుగానో కనబడినచో దానిని తీసి, తుడిచి, అందలి పేరు చదువుట మనము చేయదగిన తర్పణము.

రెండవ ప్రపంచయుద్ధపు పతకములలో రంగులకు అర్థములున్నవి. నక్షత్రములన్నియు ఆఱు కోణములవి, పసుపువన్నె లోహమువి, చూపునకు ఒక్కతీరువి. రిబ్బను రంగుచేతను, నడుమనున్న పేరుచేతను భేదము తెలియును. 1939-45 స్టార్ రిబ్బను ముదురు నీలము, ఎఱుపు, లేత నీలము అను మూడు సమభాగములు గలది. అవి వరుసగా నౌకాదళము, భూసైన్యము, విమానదళములకు గుర్తులు. ఆఫ్రికా స్టార్ రిబ్బను ఎడారి ఇసుకవన్నెది, నడుమ ఎఱుపు చార. ఆ రిబ్బనుపై 8 అను చిన్న అంకె యున్నచో, ధరించినవాడు ఎనిమిదవ సైన్యములో పోరాడెనని తెలియవలెను. ఇటలీ స్టార్ రిబ్బనులో ఆ దేశపు జెండా రంగులైన ఎఱుపు, తెలుపు, ఆకుపచ్చ కలవు. బర్మా స్టార్ రిబ్బను ముదురు నీలము. నడుమ వెడల్పైన ఎఱుపు చార, ఇరుప్రక్కల నీలము మధ్యను సూర్యుని సూచించు నారింజ చారలు. 1941 డిసెంబరు 11 మొదలు 1945 సెప్టెంబరు 2 వఱకు జరిగిన బర్మా పోరాటమునకు ఇది గుర్తు. పూర్వము రంగూనునకు కూలికి పోయిన తెలుగువారెందఱో. ఆ దేశమునకే తుపాకి పట్టి పోయినవారి గుర్తు ఇది.

నక్షత్రములు గాక గుండ్రని పతకములు కొన్ని గలవు. 1939-45 వార్ మెడల్ వెనుకవైపున, రెండుతలల సర్పరాక్షసిపై నిలిచిన సింహముండును. దాని రిబ్బను ఎఱుపు, నీలము, తెలుపు చారలు గలది. డిఫెన్స్ మెడల్ రిబ్బనులో మంటవన్నె బాంబుల అగ్నికిని, ఆకుపచ్చ నేలకును, నల్లని సన్నచారలు దీపములార్పిన రాత్రులకును గుర్తులు. మన దేశమునకు ప్రత్యేకమైనది ఇండియా సర్వీస్ మెడల్. ముదురు నీలముపై లేత నీలపు చారలు గల రిబ్బను, వెనుకవైపున అవిభక్త భారతదేశపటము. రణరంగము వెలుపల మూడు సంవత్సరములు సేవచేసిన భారతసైనికులకు దీనినిచ్చిరి. 1946లో ఏర్పడిన ఈ పతకముపై చెక్కిన పటము మఱుసటి సంవత్సరమే మాఱిపోయినది.

ఇప్పుడు ఒక బారును చదువుదము. ఎడమనుండి మొదట మూడు సమభాగముల రిబ్బను, తరువాత నీలము నారింజ ఎఱుపు గలది, తరువాత సింహపు పతకపు రిబ్బను, చివర రెండు నీలములది. అనగా ఇతడు రెండవ యుద్ధమునాటివాడు, బర్మా రంగమున పోరాడినవాడు, దానికి ముందో వెనుకనో మూడేండ్లు దేశములోపల కొలువుచేసినవాడు. జాతకచక్రము చూచి గ్రహస్థితి చెప్పినట్లు, నాలుగు గుడ్డతునకలనుండి ఒక మనుష్యుని ఆఱేండ్ల జీవితము చెప్పవచ్చును. పటాలపు దుస్తులలో తీసిన పాత ఫోటో గోడపై నున్నచో ఈ విద్య అచటనే అక్కఱకు వచ్చును. ఆనాటి ఫోటోలో రంగులు తెలియవు. చారల సంఖ్య, వెడల్పు, వరుస మాత్రమే ఆధారములు.

శౌర్యపతకములను గూర్చి కొంచెము చెప్పవలెను. కుంఫిణీవారు 1837లో భారతసైనికుల సాహసమునకై ఆర్డర్ ఆఫ్ మెరిట్ అను బిరుదమును స్థాపించిరి. కుంకుమవన్నె రిబ్బను గల విక్టోరియా క్రాస్ 1856లో ఏర్పడినను, 1911 వఱకు భారతసైనికునకు అది అందరానిదయ్యెను. మద్రాసు శాపర్సు దళములోని సుబేదారు సుబ్రహ్మణ్యన్ 1944 ఫిబ్రవరి 24న ఇటలీలో, పేలనున్న మందుపాతరపై పడి, తన వెంటనున్నవారిని కాపాడి ప్రాణములు విడిచెను. మరణానంతరము ఆయనకు జార్జి క్రాస్ ఇవ్వబడినది. అది ముదురు నీలపు రిబ్బను గల వెండి సిలువ.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట మన గుర్తులు మనకేర్పడినవి. 1947 నాటి స్వాతంత్ర్యపతకపు రిబ్బను మన జెండా మూడు రంగులది. అందు ఒకవైపు అశోకచక్రముపై ఆంగ్లరాజు కిరీటము, మఱొకవైపు సింహశీర్షము గలవు. రెండు యుగముల సంధి ఒకే బిళ్లపై నిలిచినది. 1950 జనవరి 26న పరమవీరచక్ర, మహావీరచక్ర, వీరచక్ర స్థాపింపబడి, 1947 ఆగస్టు 15 నుండి వర్తించునట్లు ప్రకటింపబడినవి. పరమవీరచక్రను చిత్రించినవారు సావిత్రీ ఖానోల్కర్ గారు. కంచుబిళ్లపై నాలుగు వజ్రాయుధములు, నడుమ రాజచిహ్నము, రిబ్బను చారలు లేని ఊదారంగు. దధీచి మహర్షి దేవతలకొఱకు తన యెముకలనిచ్చిన కథ మనకందఱకును తెలియును. ఆ యెముకలే వజ్రాయుధమైనవి. అత్యున్నత శౌర్యపతకమునకు ఇంతకంటె తగిన గుర్తు లేదు. దీనిని మొదట పొందినవారు 1947 నవంబరు 3న కాశ్మీరములోని బడగాంలో వీరమరణమొందిన మేజరు సోమనాథ శర్మ గారు. మహావీరచక్ర రిబ్బను సగము తెలుపు, సగము నారింజ. వీరచక్రది సగము ముదురు నీలము, సగము నారింజ. 1965 యుద్ధమునకు సమరసేవా స్టార్, రక్షాపతకములును, 1971 యుద్ధమునకు తూర్పున పూర్వీ స్టార్, పడమట పశ్చిమీ స్టార్, సామాన్యముగా సంగ్రామపతకమును ఏర్పడినవి. ఇవి పొందినవారు, వారి కుటుంబములు నేటికిని మన నడుమ నున్నవి. వారిని అడిగి తెలిసికొనుట పుస్తకము చదువుటకంటె సులభము.

సంగ్రాహకుడు జాగ్రత్తపడవలసిన విషయములు గలవు. రిబ్బను చిరిగినప్పుడు దుకాణములో దొరకిన వేఱొక రిబ్బను కట్టుట వాడుక. కనుక రిబ్బనుకంటె బిళ్లకు ప్రామాణ్యమెక్కువ. రంగు వెలిసినచో వెనుకవైపు, మడతలోపల చూడవలెను. ఎండ సోకనిచోట అసలు రంగు నిలిచియుండును. లాభాపేక్షగలవారు అంచుననున్న పేరును ఆకురాయితో అరుగదీసి, వేఱొక ప్రసిద్ధుని పేరు చెక్కింతురు. అట్టిదాని అడ్డుకొలత తక్కువగును, అక్షరములు మాత్రము క్రొత్తగా పదునుగా నుండును. పోతపోసిన నకలులో బొమ్మ మొక్కవోయి, సన్నని చుక్కలు గుంటలు కానవచ్చును. వరుసపతకములను విడదీసి వేఱువేఱుగా అమ్ముట మఱొక అనర్థము. విడిపోయిన పతకములు తలయొక చోట, మొండెమొక చోట పడిన విగ్రహమువంటివి.

అంచున చదువునప్పుడు సంఖ్య, హోదా, పేరు, దళము అను నాలుగును వ్రాసికొనవలెను. పేరు ఇంగ్లీషు గుమాస్తా చెవికి వినిపించినట్లు వ్రాయబడియుండును. ఇంటిపేరు తఱచుగా ఉండదు. ఒక దళములో వెంకటస్వాములు పదిమంది యుండవచ్చును. సంఖ్య లేని పేరు సర్వే నంబరు లేని పొలమువంటిది, హద్దులు తేలవు. కావున సంఖ్యను తప్పక వ్రాయవలెను. దళములపేర్లు పొడి అక్షరములలో నుండును. క్యూ.వి.ఓ. ఎస్. అండ్ ఎం. అనగా విక్టోరియా రాణి పేరగల శాపర్సు అండ్ మైనర్సు దళము. ఆర్.ఐ.ఎ.ఎస్.సి. అనగా సైన్యమునకు తిండి, సామగ్రి, వాహనములు సమకూర్చు దళము. ఇవి తెలిసినచో, లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో నున్న పాత పతకముల జాబితాలలో వెదకించుటకును వీలు కలుగును.

భద్రపఱచు విధము కఠినమైనది కాదు. చింతపండుతోను బూడిదతోను తోమరాదు. తోమినకొలది బొమ్మయు, అంచుననున్న అక్షరములును అరుగును. పొడి మెత్తనిబట్టతో తుడిచి, రిబ్బనును ఎండకు దూరముగా, ఒకే కుటుంబపు పతకములన్నియు ఒక్కచోట, చుట్టిన కాగితముపై పేరు వ్రాసి యుంచిన చాలును.

ఈ గ్రంథాలయము ఇరువదియైదేండ్లుగా పుస్తకములను కాపాడినది. పతకమును కూడ ఒక చిన్న పుస్తకమే. పుట ఒకటి, పంక్తి ఒకటి, అందు పేరు ఒకటి. పతకములను ఎవరును గ్రంథాలయమున కిచ్చివేయనక్కఱలేదు. అవి ఆ ఇండ్లలోనే ఉండవలసినవి. అయితే గ్రంథాలయమున ఒక దస్తరమును తెఱచి, ఏ ఇంట ఏ పతకమున్నదో, అంచున ఏమి వ్రాసియున్నదో, ఆ వీరుని గూర్చి ఇంటి పెద్దలేమి చెప్పుదురో వ్రాసి యుంచినచో, మఱి యేబదియేండ్లకు పుట్టువారికి అది ఈ ఊరి ఉద్యోగపర్వమగును. చదువ నేర్చిన పిల్లలు భూతద్దము చేతబట్టి ఇంటింటికి పోయిన నెలరోజుల పని. వృద్ధులు ఉన్నంతలో చేయవలసిన పని. పూర్వము మన ఊళ్లలో పశువులకొఱకు పోరాడి చనిపోయినవానికి కూడ వీరగల్లు నాటిరి. సముద్రములు దాటి మరణించినవానికి రాయి లేకపోయినను, దస్తరములో ఒక పంక్తియైనను ఉండవలెను.

పేరు చదువబడినంతకాలము మనుష్యుడు పూర్తిగా మరణింపడు. ఆ చదువు ఈ గ్రంథాలయమునందు సాగుగాక. స్వస్తి.